చెన్నై వేడిలో మయోనైజ్: పచ్చి గుడ్డు లేకుండా ఇంట్లో చేసుకోవడం ఎలా

2025 ఏప్రిల్ 8న తమిళనాడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. పచ్చి గుడ్డుతో మయోనైజ్ (నూనె, గుడ్డు సొన గిలక్కొట్టి చేసే చిక్కటి సాస్) చేయడం, నిల్వ ఉంచడం, అమ్మడం ఏడాది పాటు నిషేధం. సాల్మొనెల్లా, ఈ.కోలై, లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా దీని ద్వారా జనానికి అంటుకునే ప్రమాదం ఉందన్నది వాళ్లు చెప్పిన కారణం. తెలంగాణలో ఇలాంటి నిషేధమే 2024 అక్టోబరు చివర్లో వచ్చింది. కేరళలో 2023 జనవరిలోనే వచ్చింది.

ఆ వార్తతో ఇక్కడ చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లు రెండు పార్టీలుగా చీలిపోయాయి. పెద్దవాళ్లు "పీడా పోయింది, ఆ నీచు వాసన ఎలా తింటారో" అన్నారు. పిల్లలు "మయోనైజ్ లేకుండా గ్రిల్ చికెన్ ఏంటి" అని ముఖాలు మాడ్చుకున్నారు. మీరు ఏ పార్టీ అయినా సరే, ఒక్క మాట గట్టిగా చెప్తాను. నిషేధించింది మయోనైజ్ మొత్తాన్ని కాదు, పచ్చి గుడ్డుతో చేసినదాన్నే. నూనె పోయడానికి ముందు పచ్చసొనని సన్నటి మంట మీద సరిగ్గా వేడి చేస్తే ఇదే పదార్థాన్ని ఇంట్లో ధైర్యంగా చేసుకోవచ్చు. రుచి ఏమీ తగ్గదు. పైగా వేడి చేసిన సొన నూనెని ఇంకా బాగా పట్టుకుంటుంది.

ముందు గిన్నెలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది తెలియకుండా కొలతలు మాత్రమే పట్టుకుని దిగితే, విరిగినప్పుడు ఏం చేయాలో తోచదు. అందుకే రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మయోనైజ్‌లో ఎక్కువ భాగం నూనే. అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం 65 శాతం కంటే తక్కువ నూనె ఉంటే దాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. ఇంట్లో చేసుకునేదాంట్లో ముప్పావు వంతు దాకా నూనె ఉంటుంది. అంత నూనె ఉన్నా అది క్రీములా నిలబడుతుందంటే, నూనె మొత్తం కంటికి ఆనని చుక్కలుగా విడిపోయి కొద్దిపాటి నీళ్లలో చెదిరి ఉండటమే కారణం. బాగా గిలక్కొట్టిన మయోనైజ్‌లో చాలా చుక్కలు మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్నవి. కవ్వంతో పెరుగు చిలికినప్పుడు విడివిడిగా ఉన్న కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని వెన్నముద్దగా తేలతాయి కదా, ఇక్కడ మనం చేసేది దానికి పూర్తిగా తలకిందుల పని. ముద్దగా ఉన్న కొవ్వుని చిలికి చిలికి విడదీస్తాం, మళ్లీ కలవకుండా కాపలా పెడతాం.

ఆ కాపలా పచ్చసొనది. సొనలో దాదాపు సగం నీళ్లు, మూడో వంతు కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రొటీన్లు. ఆ కొవ్వులో లెసిథిన్ అనే పదార్థం ఉంది. దాని అణువుకి ఒక కొస నూనెని కోరుకుంటుంది, ఇంకో కొస నీళ్లని కోరుకుంటుంది. గిలక్కొట్టినప్పుడు పుట్టే ప్రతి నూనె చుక్క చుట్టూ ఈ అణువులు, వాటితో పాటు సొనలోని ప్రొటీన్లు చేరి పొరలా కప్పేస్తాయి. ఆ పొర వల్ల చుక్కలు ఒకదాన్ని ఒకటి తాకినా కలిసిపోవు.

ఇక్కడ కొత్తగా చేసేవాళ్లని తికమక పెట్టే సంగతి ఒకటుంది. నూనె పోసేకొద్దీ మయోనైజ్ పలచనవదు, గట్టిపడుతుంది. ఒకే సైజు గుండ్రటి చుక్కలని ఎంత ఒద్దికగా సర్దినా 74 శాతం చోటు మాత్రమే నింపగలవు. ఆ దరిదాపులకి వచ్చేసరికి చుక్కలకి కదలడానికి చోటుండదు. ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అందుకే గరిట నిలబడేంత బిగువు వస్తుంది. పలచన చేయాలంటే చెంచాడు నీళ్లో నిమ్మరసమో కలపాలి. గట్టిగా ఉందని ఇంకాస్త నూనె పోశారో, నీళ్లకి చోటు చాలక మొత్తం విరిగిపోతుంది. నిజానికి ఒక్క పచ్చసొనకి కప్పుల కొద్దీ నూనెని పట్టుకునే శక్తి ఉంది. తక్కువ పడేది సొన కాదు, నీళ్లు.

ఏమేం కావాలి

రెండు గుడ్ల పచ్చసొనలు. రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు. ఒక టేబుల్ స్పూన్ వెనిగర్, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం. అర టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ చక్కెర, అర టీస్పూన్ మెత్తటి ఆవపిండి. ఒక కప్పు నూనె, అంటే 240 మిల్లీలీటర్లు.

గుడ్లు ఇక్కడికి ఎక్కువగా నామక్కల్ వైపు నుంచి వస్తాయి. చిన్న పగులున్నా, పెంకు మీద రెట్ట అంటుకుని ఉన్నా ఈ పనికి తీసుకోకండి. పగలగొట్టాక సొనని ఈ పెంకులోంచి ఆ పెంకులోకి మార్చుతూ తెల్లసొన తీసే అలవాటు చాలామందికి ఉంది. మానేయండి. సాల్మొనెల్లా పెంకు బయటే ఎక్కువగా ఉంటుంది, ఆ అంచు సొనకి తగులుతుంది. కడుక్కున్న చేతి వేళ్ల సందులోంచి తెల్లసొన జార్చేయడం మేలు. అలాగని గుడ్డు కడిగేస్తే చాలనుకోవద్దు. ఆ బ్యాక్టీరియా ఒక్కోసారి కోడి లోపలి నుంచే గుడ్డులోకి వస్తుంది, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు.

పులుపు ఇక్కడ రుచి కోసం మాత్రమే కాదు, బ్యాక్టీరియాని ఎదగనివ్వకుండా ఆపేది కూడా అదే. కంపెనీ సీసాల్లో మయోనైజ్ పీహెచ్ (పులుపుని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 4 దగ్గర ఉంచుతారు. ఒకే స్థాయి పులుపు దగ్గర నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కంటే వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బ్యాక్టీరియా మీద గట్టిగా పనిచేస్తుంది. అందుకే రెండూ చెరి సగం వేయమన్నాను. సువాసనకి నిమ్మ, భద్రతకి వెనిగర్. రెండోది తగ్గించొద్దు.

ఆవపిండి మన ఇంట్లో ఉన్నదే చాలు. నీళ్లు తగలగానే దాని ఘాటు లేస్తుంది. అది నీచు వాసనని అణిచేస్తుంది. ఆవాల పొట్టులో ఉండే జిగురు కూడా నూనె చుక్కల్ని విడిగా ఉంచడానికి సాయపడుతుంది. ఆవకాయకి పట్టించిన పిండి అయితే జల్లించి వాడండి, గరుకు తగలకుండా.

నూనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ తీసుకోండి. వేరుశెనగ నూనెతో చేసిన రోజు రుచి బాగుంటుంది, కానీ ఫ్రిజ్‌లో ఆ నూనె గడ్డకడుతుంది. గడ్డకట్టిన చుక్కలు చుట్టూ ఉన్న పొరని చీల్చేస్తాయి, బయట పెట్టగానే నూనె తేలిపోతుంది. నువ్వుల నూనె ఇడ్లీ కారప్పొడిలోకి అమృతం, ఇందులోకి మాత్రం వద్దు, దాని వాసన ఒక్కటే మిగులుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెని మిక్సీలో తిప్పితే చేదెక్కుతుంది. ఆ నూనే కావాలంటే చేత్తో గిలక్కొట్టండి, లేదా నాలుగో వంతు మాత్రమే కలపండి.

ఆలివ్ నూనెతోనే ఈ కథ మొదలైంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 1756లో మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవిని ఫ్రెంచివాళ్లు బ్రిటిష్‌వాళ్ల దగ్గర్నుంచి గెలుచుకున్నారు. సేనాని రిషెల్యూ ప్రభువు. దీవిని కాపాడలేకపోయినందుకు బ్రిటన్ తన సొంత అడ్మిరల్ బింగ్‌నే మరుసటి సంవత్సరం కాల్చి చంపించింది, అంత పెద్ద ఓటమి అది. ఆ గెలుపు విందులో వంటవాడికి మీగడ దొరక్క, గుడ్డు సొనలో ఆలివ్ నూనె గిలక్కొట్టి సాస్ చేశాడని, దీవిలోని మహోన్ రేవు పేరే దానికి వచ్చిందని చెప్పుకుంటారు. కథ బాగుంది. అయితే ఆ పేరు ఫ్రెంచి వంట పుస్తకాల్లో అచ్చులో కనిపించేది 1800 దాటాకే. మరో సంగతి, ఆ తీరాల్లో వెల్లుల్లిని రోట్లో నూరుతూ నూనె బొట్లు బొట్లుగా కలిపి ముద్ద చేసుకోవడం అంతకు చాలా ముందు నుంచే ఉంది. కాబట్టి ఒక్క వంటవాడు ఒక్క రాత్రిలో కనిపెట్టాడంటే నేను నమ్మను. తీరప్రాంతపు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న చేతి పనికి ఫ్రాన్స్ వంటశాలల్లో మెరుగులు దిద్దారనడం న్యాయం.

సీసాల్లోకి ఎక్కింది 20వ శతాబ్దంలో. జర్మనీ నుంచి న్యూయార్క్ వెళ్లిన రిచర్డ్ హెల్‌మన్ 1905లో అక్కడ కొట్టు పెట్టి, కొన్నేళ్లకి తన మయోనైజ్‌ని సీసాల్లో అమ్మాడు. జపాన్‌లో క్యూపీ అనే బ్రాండు మయోనైజ్ 1925లో మొదలైంది, దాన్ని తెల్లసొన లేకుండా పచ్చసొనతోనే చేస్తారు. ఇక్కడ మన దేశంలో గుడ్డు లేని వెజ్ మయోనైజ్‌కే పెద్ద బజారు ఏర్పడింది.

సొన వేడి చేయడం

మొత్తం పనిలో మనసు పెట్టాల్సింది ఇక్కడే. అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నెలో సొనలు, నీళ్లు, వెనిగర్, నిమ్మరసం, చక్కెర వేసి, సొన తీగలు మిగలకుండా ముందే బాగా కలపండి. పొయ్యి చిన్న బర్నర్ మీద, మంట పూర్తిగా తగ్గించి పెట్టండి. భయంగా ఉంటే ఇంకో గిన్నెలో నీళ్లు కాచి, దాని ఆవిరి మీద ఈ గిన్నె పెట్టండి. రబ్బరు గరిటతో అడుగు, మూలలు గీరుతూ కలుపుతూనే ఉండాలి. ఫోన్ మోగినా చెయ్యి తియ్యకండి.

మొదట పైన సన్నటి నురగ వస్తుంది. కాసేపటికి నురగ అణిగి, ముదురు పసుపు కాస్త తేటబడుతుంది. తర్వాత గరిట లాగిన దారి ఒక్క క్షణం అలాగే నిలబడి మెల్లగా మూసుకుంటుంది. అంచున ఎక్కడో ఒకటి రెండు చోట్ల బుడగ వచ్చి పగలగానే దించేయండి. వంటింటి థర్మామీటరు ఉంటే 71 డిగ్రీల సెల్సియస్ చూడండి, ఆ వేడికి సాల్మొనెల్లా చచ్చిపోతుంది. మామూలుగా సొన 65 నుంచి 70 డిగ్రీల మధ్యే గడ్డకట్టాలి. నీళ్లూ పులుపూ ముందే కలిపాం కాబట్టి ఇది గడ్డకట్టకుండా చిక్కబడి ఊరుకుంటుంది. అందుకే ఆ రెండు స్పూన్ల నీళ్లని ఎవరూ తగ్గించకూడదు.

దించాక నాలుగు నిమిషాలు వదిలేయండి, లోపలి వేడి మిగతా పని చేస్తుంది. తర్వాత గిన్నె అడుగుని చల్లటి నీళ్లలో పెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. ఏప్రిల్, మే నెలల్లో చెన్నై కుళాయి నీళ్లే వేడిగా వస్తాయి, కుండ నీళ్లో ఫ్రిజ్ నీళ్లో వాడండి. పలుకులు కనిపిస్తే సన్న జల్లెడలో వడకట్టండి. పొరటులా ముద్దకట్టేస్తే ఇక లాభం లేదు, దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టడమే.

నూనె కలపడం

ఆరిన సొనలో ఉప్పు, ఆవపిండి వేసి ఒక నిమిషం గిలక్కొట్టండి. ఉప్పు తగిలితే సొనలో ఇంకా ముద్దకట్టి ఉన్న రేణువులు విడిపోతాయి, నూనెని పట్టుకునే పదార్థం బయటికొస్తుంది. గిన్నె కింద తడిబట్ట చుట్టి పెట్టుకుంటే జారకుండా నిలుస్తుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి.

మొదటి రెండు స్పూన్ల నూనె బొట్లు బొట్లుగానే పోయాలి. ఒక బొట్టు కనిపించకుండా పోయాక ఇంకో బొట్టు. చెయ్యి నొప్పి పుడుతుంది, అయినా తొందరపడొద్దు. ఎందుకంటే మొదట్లో పోసిన నూనె పెద్ద చుక్కలుగా మిగిలితే, వెనక వచ్చే నూనె కూడా దాంట్లోనే కలిసిపోతుంది. ఒకసారి చిన్న చుక్కల గుంపు తయారయ్యాక, కొత్తగా పోసే నూనె వాటి మధ్య నలిగి తనంతట తానే చిన్నదవుతుంది. ఆ మార్పు మీకు తెలుస్తుంది. నిగనిగలాడే పసుపు వెలిసి పాలిపోయిన లేత రంగు వస్తుంది, విస్క్ బరువెక్కుతుంది, గీసిన గీతలు చెరిగిపోకుండా నిలుస్తాయి. అక్కడి నుంచి సన్నటి ధారగా పోయవచ్చు. సగం నూనె అయ్యాక మరీ బిగుసుకుపోతే టీస్పూన్ నీళ్లు వేసి, తర్వాత మిగతాది పోయండి.

మిక్సీలో చేసేవాళ్లకి రెండు మాటలు. చట్నీ జార్ మూతకి సాధారణంగా రంధ్రం ఉండదు. అందుకని టీస్పూన్ నూనె వేయడం, మూత పెట్టి రెండు మూడు క్షణాలు పల్స్ తిప్పడం, మళ్లీ టీస్పూన్ వేయడం. పావు వంతు నూనె అలా అయ్యాక రెండేసి టేబుల్ స్పూన్లు వేసుకోవచ్చు. ఆపకుండా తిప్పితే మోటారు వేడికి మిశ్రమం వెచ్చబడి పలచనై విరిగే ప్రమాదం ఉంది. హ్యాండ్ బ్లెండర్ ఉన్నవాళ్ల అదృష్టమే వేరు. పొడవాటి సన్న గ్లాసులో అడుగున సొన, పైన నూనె మొత్తం ఒకేసారి పోసి, బ్లేడు అడుగుకి ఆనించి కదపకుండా పది పదిహేను క్షణాలు తిప్పండి. కింద తెల్లగా కట్టడం మొదలయ్యాక మెల్లగా పైకి లాగండి.

విరిగితే

అంచుల దగ్గర నూనె పూసల్లా చేరి, మధ్యలో పలుకులు పలుకులుగా కనిపిస్తే విరిగిందని అర్థం. పారేయకండి, ఇంకా గట్టిగా గిలక్కొట్టి లాభం కూడా లేదు. శుభ్రమైన వేరే గిన్నెలో ఒక టేబుల్ స్పూన్ గోరువెచ్చటి నీళ్లు తీసుకోండి. విరిగినదాన్ని అందులో అర టీస్పూన్ చొప్పున వేస్తూ గిలక్కొట్టండి. కావాల్సిన సొన అందులోనే ఉంది, దానికి నీళ్లూ సమయమూ ఇస్తున్నాం, అంతే. నాలుగైదు స్పూన్లు కుదురుకున్నాక మిగతాది ధారగా కలిపేయొచ్చు. నీళ్లతో కుదరకపోతే ఇంకో సొనని ఇలాగే వేడి చేసి దాంతో మొదలుపెట్టండి. పచ్చిసొన మాత్రం వద్దు. పడ్డ శ్రమంతా ఆ ఒక్క సొనతో వృథా అవుతుంది.

గుడ్డు తినని ఇంట్లో

మా ఇంట్లో అత్తయ్య గుడ్డు ముట్టరు. ఆవిడ కోసం పాలతో చేస్తాను. కాచి, ఫ్రిజ్‌లో చల్లార్చిన చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు, సన్‌ఫ్లవర్ నూనె 200 మిల్లీలీటర్లు, ఉప్పు, ఆవపిండి, చిన్న వెల్లుల్లి రెబ్బ. హ్యాండ్ బ్లెండర్‌తో పైన చెప్పినట్టే తిప్పి, చిక్కబడ్డాక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి మళ్లీ తిప్పండి, ఇంకా బిగుస్తుంది. లెసిథిన్ చేసే పని ఇక్కడ పాలలోని కేసీన్ ప్రొటీన్ చేస్తుంది. నీచు వాసన ప్రసక్తే లేదు. దీంట్లో కారప్పొడి కలిపి బ్రెడ్ మీద రాసి ఇస్తే అత్తయ్య ఇంకో ముక్క అడుగుతారు.

షవర్మా కోసమే అయితే, లెబనాన్‌లో చికెన్ షవర్మాలో వేసే తూమ్ అనే సాస్‌లో అసలు గుడ్డే లేదు. వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, నూనె, అంతే. వెల్లుల్లిని ఉప్పుతో మెత్తగా రుబ్బి, నూనె సన్నటి ధారగా, మధ్య మధ్య నిమ్మరసం వేస్తూ తిప్పితే తెల్లగా పొంగుతుంది. వెల్లుల్లి ఘాటు తట్టుకోగలిగితే చికెన్‌కి మయోనైజ్ కంటే ఇదే బాగా కుదురుతుందని నా అభిప్రాయం.

నిల్వ, వడ్డన

ఇంట్లో చేసినదాన్ని గాజు సీసాలో వేసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, 4 డిగ్రీల దగ్గర. సీసా మీద తారీఖు రాయండి. గుడ్డుదైనా పాలదైనా మూడు రోజుల్లో అయిపోవాలి. తూమ్‌ని కూడా బయట ఉంచకండి. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి, తలుపు తీసినప్పుడల్లా వేడి తగిలేది ఆ సీసాలకే. ఫ్రీజర్ పనికిరాదు. మంచు పలుకులు నూనె చుక్కల్ని ఒకచోటికి నెట్టేస్తాయి, కరిగాక విరిగి ఉంటుంది. కరెంటు గంటల తరబడి పోయిన రోజున లెక్కలు వేసుకోకుండా పారేయండి.

వడ్డించేటప్పుడు చిన్న గిన్నెలోకి కావాల్సినంతే తీయండి. పాడయ్యే వంటకాలని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని, 32 డిగ్రీలు దాటిన చోట గంటే హద్దని ఆహార భద్రత వాళ్లు చెప్తారు. మన చెన్నైలో ఏడాదిలో ఎక్కువ మధ్యాహ్నాలు ఆ రెండో లెక్కలోకే వస్తాయి. గిన్నెలో మిగిలింది మళ్లీ సీసాలో కలపకండి. ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు పది గ్రాముల నూనె, 90 నుంచి 100 క్యాలరీలు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి, పిల్లలు చపాతీకి పట్టించేటప్పుడు చెయ్యి ఆపడానికి పనికొస్తుంది.

బయట తినేటప్పుడు మొహమాటపడకుండా అడగండి: "అన్నా, ఇది మీరు చేసిందా, ప్యాకెట్‌దా?" ప్యాకెట్‌దైతే చూపించమనండి. ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు లేనిది. గుడ్డు ఉన్నదైతే పాశ్చరైజ్ చేసినదని, అంటే వేడితో బ్యాక్టీరియాని చంపినదని, లేబుల్ మీద రాసి ఉందో లేదో చూడండి. మంచి ప్యాకెట్‌దే అయినా, ఎండలో బండి మీద పొద్దున్నుంచి నిలబెట్టిన పిచికారీ సీసాలోంచి వేస్తుంటే వద్దనండి. చికెన్ ఒక్కటే కట్టించుకుని ఇంటికి రండి.